ఏడాది నిండని ఎరుపు

గ్లాసులో పోయగానే ముందు అంచు చూడాలి. నడిమధ్యన కనిపించే ముదురు ఎరుపు ఏ ఎర్ర వైన్‌కైనా ఉండేదే. గ్లాసును కాస్త వంచి తెల్ల కాగితానికి ఎదురుగా పట్టుకుంటే, వైన్ పలచబడి గాజును తాకే చోట నేరేడుపండు తిన్న నాలుక రంగు కనబడుతుంది. ఊదా, ఆ ఊదాలో ఒక నీలి జీర. ఆ నీలి జీర కొద్ది నెలల సంబరం. ఏడాది రెండేళ్లు తిరిగేసరికి కెంపులోకి మళ్లుతుంది, పదిహేనేళ్లకు ఇటుకరంగులోకి దిగుతుంది. ఆ కెంపునూ ఇటుకరంగునూ వర్ణించినవాళ్లు కోకొల్లలు. ఊదా అంచు దగ్గర ఆగినవాళ్లు తక్కువ. స్పెయిన్ వైన్ అనగానే నాకు మాత్రం మొదట కళ్లకు కట్టేది ఆ అంచే.

ఇది రియోహా ప్రాంతపు వైన్. అందులోనూ ఎబ్రో నదికి ఉత్తరపు ఒడ్డున, బాస్క్ సీమలోని ఆలవా పరిధిలోకి వచ్చే రియోహా అలవేసాది. అక్కడ సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో తెంప్రానియో ద్రాక్ష కోస్తారు. పులియబెట్టిన వైన్ చలికాలంలోనే సీసాకెక్కడం మొదలవుతుంది. ఓక్ పీపా మొహమే చూడదు. దేశమంతటా ఇలాంటి వైన్‌ను హోవెన్ అంటారు, పడుచు వైన్ అన్నమాట. అలవేసా ఊళ్లలో కొసెచేరో వైన్ అంటారు: తన తోటలో పండినదాన్ని తన తొట్టిలో తానే వైన్ చేసుకున్న రైతుది అని. బారులో నిలబడి అడిగేవాళ్లు 'ఈ ఏటిది' ఇమ్మంటారు, అంతే.

ముక్కు దగ్గరికి తెచ్చుకోండి. గ్లాసు తిప్పే పని కూడా లేదు, వాసనే ఎదురొస్తుంది. స్ట్రాబెర్రీ, చెట్టుమీదే మగ్గిన మల్బరీ, కాస్త వయొలెట్ పువ్వు. వాటి వెనకనుంచి అతిమధురం వేరు నమిలినప్పటి తియ్యని ఘాటు. వీటన్నిటి మధ్యా, ఎర్ర వైన్‌లో ఎవరూ ఊహించని ఒక వాసన: బాగా పండిన అరటిపండు. మొదటిసారి పట్టుకున్నవాళ్లు తమ ముక్కును తామే నమ్మరు. నమ్మవచ్చు. అరటిపండుకు ఆ వాసననిచ్చే ఐసోఅమైల్ ఎసిటేట్ అన్న పదార్థమే ఈ వైన్‌లోనూ పులిసేటప్పుడు పుడుతుంది.

ఇక గుక్క. నాలుక కొసన సన్నని చురుకు తగులుతుంది, పులిసినప్పుడు పుట్టిన గాలి ఇంకా పూర్తిగా విడిచిపోలేదు కనుక. వెనువెంటనే పండు నోరంతా నిండుతుంది. తీపి ఉన్నట్టే ఉంటుంది కానీ చక్కెర లేదు, ఉన్నదంతా పులిసి ఆల్కహాలైపోయింది. తీపనిపించేది పండు వాసన. పులుపు నెమ్మదిగా, చెంపల్లో నీరూరే మేరకే. వగరు ఆఖర్న, దవడల పక్కన, వేలితో తట్టినట్టు తట్టి తప్పుకుంటుంది. మింగిన తర్వాత రుచి ఎక్కువసేపు నిలవదు. దీన్ని లోపమని రాస్తారు వైన్ పత్రికల్లో. నేనలా అనుకోను. నిలవని రుచి మరో గుక్కను పిలుస్తుంది, ఆ పిలుపు ఈ వైన్ స్వభావంలోనే ఉంది.

మన అలంకారికులు కావ్యరుచిని పాకాలుగా చెప్పారు. నోట వేసుకోగానే రసమయ్యేది ద్రాక్షాపాకం. తొక్క ఒలిచే పాటి శ్రమ కోరేది కదళీపాకం. పీచు తీసి, చిప్ప పగలగొట్టి, అప్పుడు గానీ చవి తెలియనిది నారికేళపాకం. ఈ విభాగాన్ని స్పెయిన్ వైన్ల ముందు పెట్టి చూసినకొద్దీ నాకు ముచ్చటేస్తుంది. పడుచు రియోహా పూర్తిగా ద్రాక్షాపాకం. దానికి పూర్వజ్ఞానం అక్కర్లేదు, వ్యాఖ్యాత అక్కర్లేదు, సీసా తెరిచి గంటసేపు ఊపిరి పోసుకోనివ్వనక్కర్లేదు. ఎన్నో ఏళ్లు పీపాలో, ఆపైన సీసాలో మగ్గిన గ్రాన్ రెసెర్వా నారికేళపాకం. మొదటి గుక్కలో తోలు, పొగాకు, ఎండుటాకు అన్నీ తలుపు మూసుకుని కూర్చుంటాయి. గ్లాసులో అరగంట ఉన్నాక ఒక్కటొక్కటిగా బయటికొస్తాయి. రియోహాలో తరతరాలుగా వాడుతున్నది అమెరికా ఓక్ పీపా. ఆ కర్ర వైన్‌కు వెనిలా వాసననిస్తుంది, దానిలోని లాక్టోన్లు అచ్చమైన కొబ్బరి వాసన పట్టిస్తాయి. పడుచుదానిలో అరటి, ముదురుదానిలో కొబ్బరి. మన పాకాల పేర్లు అంత దూరాన, అసలైన వాసనలుగా గ్లాసులోనే దొరకడం నన్నెప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది.

ద్రాక్షాపాకం తేలికగా దొరుకుతుందని దాన్ని చేయడం తేలిక అనుకోకూడదు. ఈ వైన్ పుట్టేది లాగో అనే తొట్టిలో. ఒకప్పుడు రాతితో, తర్వాత సిమెంటుతో కట్టినది, మూత లేని లోతైన తొట్టి. మామూలుగా ఎర్ర వైన్‌కు గుత్తినుంచి ద్రాక్షను వలిచి, చితక్కొట్టి, తొక్కలతో కలిపి పులియబెడతారు. కొసెచేరో రైతు ఆ రెండు పనులూ చేయడు. కోసిన గుత్తిని తొడిమతో సహా, పండు చిట్లకుండా, అలాగే లాగోలోకి దించుతాడు. గుత్తి మీద గుత్తి పడి అడుగున ఉన్నవి బరువుకు చిట్లుతాయి. ఆ కాస్త రసం పులవడం మొదలై కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. గాలికన్నా బరువైనది కనుక అది అడుగునుంచి నిండుకుంటూ పైకొస్తుంది. తొట్టిలో ప్రాణవాయువు లేకుండా పోతుంది.

అసలు వింత అప్పుడు మొదలవుతుంది. చిట్లని పండు ఇంకా బతికే ఉంది. ఊపిరాడని ఆ పండు తన లోపలి చక్కెరను తానే, ఈస్టు సాయం లేకుండా, తన కణాల్లోని ఎంజైములతో ఆల్కహాలుగా మార్చుకుంటుంది. అంటే ఒక్కో పండూ తన తొక్కలోపల తానే ఒక చిన్న తొట్టి. ఈ పని ఆల్కహాలు 2 శాతం దరికి వచ్చేదాకా సాగుతుంది, ఆపైన కణాలు తట్టుకోలేవు. ఈలోగా పండులోని మాలిక్ ఆమ్లం చాలామటుకు తగ్గి పులుపు మెత్తబడుతుంది. తొక్కలోని రంగు లోపలి గుజ్జులోకి దిగుతుంది. ఆ దశలో పండును తీసి రెండు ముక్కలు చేస్తే లోపల గులాబీరంగులో ఉంటుంది. గింజలు, తొక్కలు ఆల్కహాలులో నానే కాలం తక్కువ కనుక వగరు అంతగా దిగదు. మల్బరీ, అరటి, అతిమధురం, ఆ మెత్తని పులుపు, అన్నీ ఆ మూసుకున్న పండ్లలోంచి వచ్చినవే. ఫ్రాన్స్‌లో మిషెల్ ఫ్లాన్జీ అనే శాస్త్రవేత్త 1930లలో దీన్ని పరిశీలించి ఒక పద్ధతిగా నిలబెట్టాడు, కార్బానిక్ మాసరేషన్ అన్న పేరు వ్యాపించింది. అక్కడి బోజొలే నూవో అనే పడుచు వైన్ ఆ దారిలోదే. అలవేసా రైతులకు ఆ పేరు తెలియకముందే ఆ పని తెలుసు. గుత్తుల్ని తొట్టిలో పోసి వదిలేస్తే వైన్ అవుతుందని వాళ్ల తాతలకు తెలుసు.

కొన్ని రోజులు గడిచాక తొట్టి అడుగు రంధ్రం తెరుస్తారు. ఎవరి చేయీ పడకుండా, పైన ఉన్న బరువుకే కారిన మొదటి రసం లాగ్రిమా, కన్నీరు. తర్వాత మనుషులు తొట్టిలోకి దిగి గుత్తుల్ని తిరగేసి, తొక్కి, మిగిలిన పండ్లను చిట్లిస్తారు. అప్పుడు వచ్చేది కొరథోన్, గుండె. చివరికి మిగిలిన పిప్పిని మరలో వేసి పిండితే వచ్చేది ప్రెన్సా. మూడింటికీ మూడు రుచులు. లాగ్రిమా పలచన, సుకుమారం, పువ్వు వాసనే ఎక్కువ. ప్రెన్సా ముతక, వగరు, రంగు దండిగా. అక్కడి రైతులు తమకోసం దాచుకునేది కొరథోన్‌ను, ఆ ఎంపిక సరైనదే అంటాను. పండు పరిమళమూ ఒళ్లు నిండుగా ఉండటమూ రెండూ దానిలోనే కుదురుతాయి. చాలా ఇళ్లలో తెంప్రానియో గుత్తుల మధ్య కొద్దిపాటి వియురా అనే తెల్ల ద్రాక్షనూ వేస్తారు. ఎర్ర వైన్‌లోకి తెల్ల ద్రాక్ష ఏమిటనుకోవద్దు. ఆ పిసరంత వేయడంతోనే వైన్‌కు తేట వస్తుంది.

తొట్టిలోకి దిగడం ప్రాణాంతకం కూడా కావచ్చు. ఆ భారమైన గాలికి రంగు లేదు, మనిషికి తెలియకుండానే ఊపిరి తీస్తుంది. దాన్ని తూఫో అంటారు. వెలిగించిన కొవ్వొత్తిని ముందు దించి, అది ఆరిపోతే దిగకూడదని పాతకాలపు జాగ్రత్త. లగ్వార్దియా అనే ఊళ్లో వీధిలో నడుస్తుంటే గోడల అడుగున చిన్న చిన్న కన్నాలు కనబడతాయి. నేలమాళిగల్లోని తూఫోను బయటికి వదిలే దారులవి. ఆ ఊరు గుట్టమీద కోటగోడల మధ్య ఉంటుంది. పాత ఇళ్ల కింద నేలంతా తొలుచుకుపోయిన సొరంగాలు, వైన్ దాచుకోవడానికి తవ్వినవి. నేల కుంగుతుందన్న భయంతో కోటలోపల వీధుల్లో కార్లకు దారివ్వరు. ఆ నిశ్శబ్దపు వీధుల్లో సాంతా మరియా దె లోస్ రెయెస్ అనే గుడి ఉంది. దాని రాతి ద్వారం మీద 14వ శతాబ్దంలో చెక్కిన అపోస్తలుల విగ్రహాలకు 17వ శతాబ్దంలో వేసిన రంగులు ఈనాటికీ నీలంగా, ఎర్రగా, బంగారంగా ఉన్నాయి. ముందు కట్టిన గోడ గాలివానలనుంచి కాపాడింది. రాయిమీది రంగుకు గోడ అడ్డుపెట్టవచ్చు. వైన్‌లోని ఊదాకు అడ్డుపెట్టగల గోడ లేదు. ఆ గుడిలోంచి వచ్చి గ్లాసు చేతపట్టినవాళ్లకు ఈ తేడా ఎవరూ చెప్పనక్కర్లేదు.

లగ్వార్దియా కోటగోడ మీదనుంచి ఉత్తరానికి చూస్తే కాంతాబ్రియా కొండలు, బూడిదరంగు రాతి గోడలా నిటారుగా. అట్లాంటిక్ నుంచి వచ్చే చలిగాలినీ మేఘాన్నీ అవి అక్కడే ఆపుతాయి. దక్షిణానికి ఎబ్రో దాకా మెట్లు మెట్లుగా దిగే తోటలు. నేల సున్నపురాయి కలిసిన బంకమట్టి, ఎండలో పాలిపోయినట్టుంటుంది. తెంప్రానియో తొందరగా పండే ద్రాక్ష. తొక్క మందం, పులుపు మరీ ఎక్కువ కాదు, గుత్తి నిండుగా ఉంటుంది. వేడి ఊళ్లలో పండితే పులుపు పడిపోయి వైన్ చప్పబడుతుంది. ఈ కొండ నీడన, సున్నపు నేలలో, రాత్రి చలికి ఆ పులుపు నిలుస్తుంది. ఇదే ద్రాక్ష దువేరో లోయలో తింతో ఫీనో, తోరోలో తింతా దె తోరో, లా మంచాలో సెన్సిబెల్, కాతలోనియాలో ఉల్ దె యెబ్రె, సరిహద్దు దాటి పోర్చుగల్‌లో తింతా రోరిజ్. ఒక్కో నేలలో ఒక్కో నడవడి. ఏ పైపూతా లేకుండా తెంప్రానియో అసలు గొంతు వినాలంటే మాత్రం అలవేసా కొసెచేరోనే తెరవాలి.

వైన్ గురించి తెలిసినవాళ్లు కూడా తరచూ తలకిందులుగా పట్టుకునే సంగతి ఒకటుంది. ఓక్ పీపాలో ఏళ్లతరబడి మగ్గినదే సంప్రదాయపు రియోహా అనీ, పడుచుదేమో ఈ కాలపు సరదా అనీ అనుకుంటారు. పడుచుదే పాతది. 13వ శతాబ్దంలో ఈ ప్రాంతపు బెర్సేయో ఊరివాడైన గొన్సాలో, కాస్తిలియన్ భాషలో పేరు తెలిసిన తొలి కవి, ఒక పుణ్యపురుషుడి చరిత్ర మొదలుపెడుతూ తన పద్యాలకు ఒక గ్లాసు మంచి వైన్ ప్రతిఫలంగా దక్కాలని కోరాడు. ఆయన కోరుకున్నది ఆ కాలపు ఏటి వైనే అయుండాలి. సీసాల్లో దాచి ఏళ్ల తరబడి మగ్గించే అలవాటు అప్పటికి పుట్టనేలేదు. అప్పట్లో వైన్ ఏడాది తిరిగేసరికి పులిసి వెనిగర్ అయ్యేది. కొత్త పంటకు తావివ్వడానికి పాతదాన్ని ఒలకబోసిన ఏళ్లూ ఉన్నాయి.

పీపాల కథ తర్వాతి కాలానిది. 18వ శతాబ్దం చివర్లో లబాస్తీదా ఊరి మతగురువు మనుయెల్ కింతానో ఫ్రాన్స్‌లోని బోర్దో వెళ్లి, ఓక్ పీపాల్లో వైన్ మగ్గించే పద్ధతి నేర్చుకొచ్చాడు. అతని వైన్ సముద్రం దాటి అమెరికాలకు చెడకుండా చేరింది. కానీ అందరి వైన్‌కూ ఒకే ధర ఉండాలన్న స్థానిక కట్టుబాటు ముందు అతని ఖర్చు గిట్టుబాటు కాలేదు, ప్రయత్నం అంతటితో ఆగింది. ఆ విత్తనం మళ్లీ మొలకెత్తడానికి మరో అరవై డెబ్బై ఏళ్లు పట్టింది. లూసియానో మురియేతా 1850లలో మొదలుపెట్టాడు. 1858లో ఎల్సియేగోలో మార్కేస్ దె రిస్కాల్ అనే వైన్ సంస్థ వెలిసింది. 1862లో ఆలవా పాలకమండలి బోర్దోనుంచి జాన్ పినో అనే నిపుణుణ్ణి పిలిపించింది. ఫిలాక్సెరా పురుగు ఫ్రాన్స్ తోటల్ని తినేయడంతో బోర్దో వర్తకులు వైన్ కోసం ఎబ్రో లోయకు దిగారు. ఆరో పట్టణంలో రైల్వేస్టేషన్ చుట్టూ వైన్ కొట్లు బారులు తీరాయి. 1877లో లోపెజ్ దె ఎరెదియా, 1879లో కూనే, 1890లో లా రియోహా ఆల్తా. ఇవాళ ప్రపంచం రియోహా అంటూ తలుచుకునే ఆ వెనిలా, కొబ్బరి, తోలు వాసనల వయసు నూట అరవై డెబ్బై ఏళ్లు. లాగోలో గుత్తులు పోసి చేసేది వాటికి తాతల నాటిది.

పీపాల వైన్లను చిన్నబుచ్చుతున్నానని అనుకోవద్దు. స్పెయిన్‌కు ఇతర దేశాల్లో అరుదైన ఒక నిండు గుణముంది. వైన్ మగ్గేదాకా తానే ఆగి, తాగే వయసొచ్చాక అంగడికి పంపుతుంది. ఫ్రాన్స్‌లో గొప్ప వైన్ కొంటే దాచే బాధ్యత కొన్నవాడిది. రియోహా ఎరుపు క్రియాంథా కావాలంటే రెండేళ్ల వయసు, అందులో ఏడాది 225 లీటర్ల పీపాలో. రెసెర్వా అయితే మూడేళ్లు, పీపాలో కనీసం ఏడాది, సీసాలో ఆరు నెలలు. గ్రాన్ రెసెర్వా అయితే అయిదేళ్లు, రెండేళ్లు పీపాలో, రెండేళ్లు సీసాలో. మంచి ఏడాదికి చెందిన గ్రాన్ రెసెర్వా, గ్లాసులో పలచని ఇటుక ఎరుపు, ఎండు అంజీరు, దేవదారు పెట్టె తెరిచినట్టు వాసన, పులుపు మాత్రం ఇంకా తేటగా నిలిచి ఉండటం, ఇది వేరే లోకం. దాని ముందు నేను మౌనంగా కూర్చుంటాను. నా అభ్యంతరమల్లా ఈ వరసను మెట్లుగా చూడటంతోనే. హోవెన్ అడుగు మెట్టనీ, ఎక్కేకొద్దీ ఉన్నతమనీ ఒక లెక్క స్థిరపడిపోయింది, మార్కులిచ్చేవాళ్లు కూడా ఆ లెక్కనే పాటిస్తారు. రససిద్ధాంతం కాస్త వేరుగా చూస్తుంది. నిలిచి ఉండే స్థాయీ భావానికే పెద్దపీట వేసినా, వచ్చిపోయే సంచారీ భావాన్ని అక్కర్లేనిదని అది అనలేదు. మెరిసి, కదిలి, కరిగిపోవడమే దాని పని. సంచారులు లేని కావ్యం రసందాకా పోదు.

అందరు హోవెన్లూ ఇలాగే ఉంటాయని కాదు. చౌకగా, పెద్దపెద్ద ఉక్కు తొట్లలో, దిగుబడి ఎక్కువైన తోటలనుంచి తీసినవాటిలో అరటి వాసన ఒక్కటే తీగలు సాగి చూయింగ్ గమ్‌లా కొడుతుంది. కింద పండు ఉండదు, నడుమ ఖాళీ, చివర నీళ్లు. మంచి కొసెచేరోలో అరటి మొదటి ఊపిరికి పలకరించి పక్కకు తప్పుకుంటుంది. తర్వాత వచ్చేది నల్లని పండు, దానికింద సున్నపు నేల ఇచ్చిన పొడిదనం. ఆ పొడిదనం లేకపోతే ఎంత పరిమళమున్నా నేను రెండో గ్లాసు అడగను.

రియోహా బయట కూడా పడుచు వైన్ ఉంది, వేరే స్వభావాలతో. దువేరో లోయలో తోటలు సముద్రమట్టానికి 700 మీటర్ల నుంచి 1,000 మీటర్ల దాకా ఉంటాయి. మధ్యాహ్నం మండుటెండ, రాత్రి గజగజ. ఆ తింతో ఫీనో పడుచుతనంలోనూ నల్లగా, కండగలిగి, గట్టి వగరుతో ఉంటుంది. అక్కడ దాన్ని కొన్ని నెలలు పీపాలో ఉంచి రోబ్లె అని అమ్ముతారు. నాకు అది అటూ ఇటూ కాని వయసులా అనిపిస్తుంది. వాయవ్యంలో బియెర్సో కొండల మెన్సియా ద్రాక్ష మిరియపు ఘాటుతో, పువ్వు వాసనతో, నన్ను కొసెచేరో తర్వాత అంతగా పట్టుకున్న ఒకే ఒక్క పడుచు ఎరుపు. అరగాన్‌లో కాంపో దె బోర్హా గార్నాచా ద్రాక్ష వైన్ ఎండను వడకట్టినట్టుంటుంది, తాగేవేళ హాయి, ఆల్కహాలు కాస్త ఎక్కువ. ఆగ్నేయంలో హుమియా మొనాస్త్రెల్ ద్రాక్ష ఎడారి అంచు పంట, మందంగా, నల్లగా. ప్రియొరాత్‌లో పలకరాయి నేల మీద పాత గార్నాచా, కారిన్యేనా తీగలనుంచి వచ్చేది పడుచుగా తాగే వైన్ కాదు. దానికి మరో వ్యాసం కావాలి.

తెలుపు వైన్లలో గలీథియా సముద్రతీరపు అల్బరీన్యో ఉప్పుగాలి తగిలిన పీచ్‌పండులా ఉంటుంది. అదీ ఏడాది రెండేళ్లలోనే సొగసు. కాతలోనియా కావా బుడగలది వేరే వినోదం. ఇక దక్షిణాన హెరెథ్ షెర్రీ దగ్గర కాలం లెక్కే మారిపోతుంది. సుద్దలాంటి తెల్లని అల్బరీసా నేలలో పండిన పలోమీనో, పీపాలో పైన ఫ్లోర్ అనే ఈస్టు తెర కప్పుకుని, గాలి తగలకుండా, బాదం, సముద్రపు నాచు వాసనలు పోగేసుకుంటుంది. పీపాల వరసల్లో అన్నిటికన్నా పాతదానినుంచి కొంత తీసి సీసాకెత్తి, ఆ వెలితిని దానికన్నా చిన్నదానితో, దాని వెలితిని ఇంకా చిన్నదానితో నింపుతూ పోతారు. ఆ సోలేరా వైన్‌కు పుట్టిన ఏడాది ఉండదు, ప్రతి గ్లాసులోనూ అనేక ఏళ్లు కలగలిసి ఉంటాయి. ఒకే దేశం ఏటి పేరు తప్ప మరేమీ లేని కొసెచేరోనూ, ఏటి పేరే లేని షెర్రీనీ రెండింటినీ ఇంత నమ్మకంతో చేస్తుంది.

లొగ్రోన్యో పట్టణంలో కాయే లౌరెల్ అనే సందు ఉంది. ఇరుకు సందు, రెండు వైపులా బారులు, ఒక్కో బారులో ఒక్కో వంటకానిదే పేరు. ఒక చోట పుట్టగొడుగులే. పెనం మీద నూనెలో, వెల్లుల్లి రసంలో కాల్చి, మూడింటిని దొంతరగా పుల్లకు గుచ్చి, పైన ఒక రొయ్య పెట్టి, కింద రొట్టెముక్క మీద నిలబెడతారు. ఆ నూనె రొట్టెలోకి దిగుతుంటుంది. చిన్న గ్లాసులో ఈ ఏటి వైన్, కాస్త చల్లగా. ఒక ముక్క, ఒక గుక్క, పక్క బారుకు నడక. అక్కడ గ్రాన్ రెసెర్వా అడిగినా ఇస్తారు కానీ, నూనె కారే వేలితో, నలుగురి భుజాల మధ్య నిలబడి తాగేందుకు అది కాదు. వెల్లుల్లినీ నూనెనీ ఒక్క గుక్కలో కడిగి, నోటిని మళ్లీ పుట్టగొడుగుకు సిద్ధం చేసేది ఆ పడుచు పులుపే. ఊళ్లలోనైతే చలికాలంలో కత్తిరించిన ద్రాక్షతీగల కట్టెలు దాచి, వాటి నిప్పుమీద గొర్రెపిల్ల పక్కటెముక ముక్కలు కాల్చుతారు. తీగ పొగ, దాని పండు వైన్, రెండూ ఒకే పళ్లెం దగ్గర కలుస్తాయి. ఆరోలో జూన్ 29న, సెయింట్ పీటర్ పండగనాడు, కొండదారిన వెళ్లి ఒకరిమీద ఒకరు వైన్ పోసుకుంటారు. తెల్లబట్టలతో వెళ్లినవాళ్లు నఖశిఖపర్యంతం ఊదారంగులో తిరిగొస్తారు.

మన భోజనంతో దీని పొత్తు గురించి కూడా చెప్పాలి, నమ్మకంగానే చెబుతాను. మిరపకారం వగరునూ ఆల్కహాలునూ రెచ్చగొడుతుంది. ముదురు వగరున్న క్రియాంథా వేపుడు ముక్కతో తగువు పెట్టుకుని చేదెక్కుతుంది. కార్బానిక్ పద్ధతి హోవెన్‌లో వగరు తక్కువ, పండు ఎక్కువ, చల్లగా తాగవచ్చు. మిరియాల ఘాటున్న మాంసం వేపుడుతో, నువ్వులూ పల్లీలూ నూరి పెట్టిన గుత్తివంకాయతో అది చక్కగా కుదురుతుంది. గోంగూర మాంసంతో మాత్రం వద్దు. గోంగూర పులుపు ముందు మాలిక్ ఆమ్లం తగ్గిన ఈ వైన్ వెలవెలబోతుంది, పండు సైతం చప్పబడుతుంది. గది వేడిమిలో తాగాలన్న మాట యూరప్ చలిగదులకు చెల్లుతుంది. హైదరాబాద్ వేసవిలో గది వేడిమి అంటే ఆల్కహాలు ముక్కులో మంటయ్యే వేడి. 12 నుంచి 14 డిగ్రీలు బాగుంటుంది. ఫ్రిజ్‌లో ఆ మేరకు చల్లబరిచి తీసి, గ్లాసులో సగం మించకుండా పోసుకోవాలి.

కొనేటప్పుడు సీసా వెనక చూడాలి. రియోహా నియంత్రణ మండలి అంటించే ముద్ర పడుచు వైన్లకు ఆకుపచ్చ, క్రియాంథాకు ఎరుపు, రెసెర్వాకు ముదురు ఎరుపు, గ్రాన్ రెసెర్వాకు నీలం. ఆకుపచ్చ ముద్ర ఒక్కటే చాలదు, పీపా చూసిన వైన్లు కొన్ని కూడా ఆ ముద్రతోనే వస్తాయి. కార్బానిక్ మాసరేషన్ అనో, కొసెచేరో అనో రాసి ఉంటే సరైనదే. ఏడాది కిందటి కోతదా కాదా చూసుకోవాలి, అది మరీ ముఖ్యం. మన ఊళ్లకు ఓడలో వచ్చి, గోదాముల్లో ఆగి చేరేసరికి చాలాసార్లు రెండేళ్లు దాటుతుంది. అలాంటిది చేతికొస్తే అంచులో ఊదా ఉండదు, అరటి ఉండదు, కాస్త పులుపూ రంగూ మిగిలుంటాయి. దాన్ని తాగమని చెప్పను. మటన్ ఉడుకుతున్నప్పుడు ఒక గ్లాసు పోసి, మూత పెట్టి, సన్నని మంట మీద వదిలేయండి.